‘ఇండక్షన్’ అను మాట – దాని అర్థములు, మన బోధ: ఒక పద విమర్శ

పీఠిక

ఒకే మాట పలు రంగములలో పలు అర్థములతో వాడబడుట వింత కాదు. అయితే ఒక రంగములో ఆ మాటకున్న నిశ్చయత మరియొక రంగములోనికి ఎవరికీ తెలియకుండ వచ్చి చేరినప్పుడు బోధ చెడిపోతుంది. ‘ఇండక్షన్’ అటువంటి మాటలలో ఒకటి. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలలో పరిచర్య చేయుచున్న కాపరి ఈ మాటను ఒక్క వారములోనే నాలుగైదు చోట్ల ఎదుర్కొనవచ్చును. వంటింటిలో ఇండక్షన్ పొయ్యి ఉన్నది. బోరు మోటారుకు బిగించిన రేకు మీద ఇండక్షన్ మోటారు అని చెక్కి ఉన్నది. కొత్తగా ఉద్యోగములో చేరిన విశ్వాసి ఇండక్షన్ శిక్షణకు వెళ్తున్నాడు. పొరుగు సంఘము పంపిన ఆహ్వాన పత్రికలో ‘ఇండక్షన్ సర్వీసు’ అని ఉన్నది. కాపరుల తరగతిలోనైతే ‘ఇండక్టివ్ బైబిల్ స్టడీ’ నేర్పుతున్నారు.

ఈ అర్థములన్నిటిని జాబితాగా వ్రాయుట మా ఉద్దేశము కాదు. అది నిఘంటువు చేయవలసిన పని. ఈ మాట తెలుగులోనికి వచ్చినప్పుడు ఏయే రూపములు ధరించినది, ఆ రూపములలో ఏది మన బోధకు సహాయము చేస్తున్నది, ఏది మనలను తప్పుదారి పట్టిస్తున్నది అను ప్రశ్నలను మేము పరిశీలింపగోరుచున్నాము. కొద్ది సంగతులను చూచి సర్వమునకు వర్తించు సూత్రమును చెప్పుట ఇండక్షన్‌కు గల ఒక అర్థము. ప్రసంగ వేదికపై మనము దీనిని ప్రతివారము చేస్తున్నాము. దీనిని అజాగ్రత్తగా చేసినయెడల బాధలోనున్న మనుష్యులు మరింత గాయపడతారు. నల్లగొండ నీటి చరిత్ర ఇందుకు తగిన సాక్ష్యము.

1. మాట పుట్టుక

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ‘ఎపగోగే’ అను మాటను తర్కశాస్త్రములో వాడెను. విడివిడి సంగతుల నుండి సామాన్య సూత్రమునకు మనస్సును నడిపించుట అని దాని భావము. రోమా వక్త సిసెరో దానిని లాటినులో ‘ఇండుక్తియో’ అని అనువదించెను. ‘లోనికి నడిపించుట’ అనునది ఆ లాటిను మాటకు మూలార్థము. ఆంగ్లములోని ఇండక్షన్ దాని నుండియే వచ్చినది.

ఈ మూలార్థము అన్ని రంగములలోను లీలగా కనబడుతుంది. అయస్కాంత క్షేత్రము తీగలోనికి విద్యుత్తును రప్పిస్తుంది. వైద్యుడు గర్భిణికి నొప్పులు రప్పిస్తాడు. అధికారి కొత్త ఉద్యోగిని పనిలోనికి ప్రవేశపెడతాడు. సంఘము కాపరిని తన మధ్యకు తోడ్కొని వస్తుంది. అయితే నడిపించువాడెవడు, నడిపింపబడునది ఏది, ఫలితము ఎంత నిశ్చయము అను మూడు ప్రశ్నలకు ఒక్కొక్క రంగములో ఒక్కొక్క జవాబు వస్తుంది. ఈ మూడు ప్రశ్నలను వేరుచేసి అడుగుటయే మన విమర్శకు కొలబద్ద.

2. తెలుగులో నాలుగు రూపములు

ఆంగ్లములో ఒక్కటే మాట ఉండగా తెలుగు విద్యావంతులు ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క మాటను ఏర్పరచిరి. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి స్థాపింపబడిన తరువాత కళాశాల పాఠ్యపుస్తకముల ద్వారా ఈ మాటలు ఊరూరికి చేరినవి. భౌతికశాస్త్రములో ‘విద్యుదయస్కాంత ప్రేరణ’ అంటారు. ఇంటర్మీడియట్ గణితములో ‘గణితానుగమనము’ అను పాఠమే ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకములలో ఉదాహరణల నుండి సూత్రమునకు వెళ్లు బోధనను ‘ఆగమన పద్ధతి’ అని, సూత్రము నుండి ఉదాహరణలకు దిగు బోధనను ‘నిగమన పద్ధతి’ అని అంటారు. ఆస్పత్రిలో ఇటువంటి పారిభాషిక పదము ఎవరికీ అవసరము రాలేదు. నొప్పులు రావడానికి సూది ఇచ్చారంటే ఊరిలో అందరికి అర్థమవుతుంది.

ఒక విధముగా ఇది తెలుగు విద్యార్థికి మేలు. ఆంగ్లములో చదువువాడు ఒకే మాట విని కలవరపడు చోట తెలుగువాడు వేర్వేరు మాటలు విని వేర్వేరు సంగతులని గ్రహిస్తాడు. అయితే ఈ తెలుగు మాటలలో మూడు వేదాంత రంగములో ఇంతకుముందే వేరే అర్థములతో స్థిరపడియున్నవి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

మొదటిది ‘ప్రేరణ’. లేఖనములు వ్రాయబడిన విధమును చెప్పుటకు మనము ‘ప్రేరణ’, ‘ప్రేరేపించు’ అను మాటలనే వాడతాము.

రెండవది ‘ఆగమనము’. ఆరాధనా క్రమమును పాటించు సంఘములలో క్రిస్మసుకు ముందు వచ్చు వారములు ఆగమన కాలము. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. భారతీయ తర్కములో ‘ఆగమ ప్రమాణము’ అనగా ఆప్తవాక్యము, అనగా నమ్మదగినవాని మాటను బట్టి అంగీకరింపబడినది. చెవికి ఆగమము, ఆగమనము ఇంచుమించు ఒకటే. భావములో ఒకటి ఉత్తర ధ్రువము, మరొకటి దక్షిణ ధ్రువము. ఆగమము పైనుండి వచ్చిన సాక్ష్యము. ఆగమన పద్ధతి క్రిందనుండి కూర్చుకొన్న సాక్ష్యము.

మూడవది ‘అనుమానము’. న్యాయశాస్త్రములో దీనికి హేతువును బట్టి చేయు నిర్ణయము అని అర్థము. కొండమీద పొగను చూచి నిప్పు ఉన్నదని తెలిసికొనుట అనుమానము. పొగ ఉన్నచోట నిప్పు ఉండునను నిత్య సంబంధమునకు ‘వ్యాప్తి’ అని పేరు. మన వాడుకలోనైతే అనుమానమంటే సందేహమే. కాబట్టి లేఖన పఠనము అనుమానముతో చేయవలెనని ఒక బోధకుడు శాస్త్రీయార్థములో చెప్పినను, వినువారు అవిశ్వాసముతో చదువుమన్నాడని అనుకొందురు. ఈ మాటను సంఘ బోధలో వాడకపోవుటయే క్షేమము.

3. ప్రేరణ: మోటారు, ఫారడే, లేఖనము

మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న ఇనుప వలయముపై రెండు తీగచుట్టలను చుట్టి, ఒకదానిలో విద్యుత్తును పంపి, రెండవదానిని గమనించెను. మొదటి చుట్టలో విద్యుత్తు నిలకడగా ప్రవహించుచున్నంతసేపు రెండవదానిలో ఏమియు కలుగలేదు. కలిపిన క్షణమునను, తీసివేసిన క్షణమునను మాత్రమే ముల్లు కదిలెను. అయస్కాంత క్షేత్రము మారుచున్నప్పుడే ప్రేరణ కలుగునను నియమము ఈ పరిశీలన నుండి తేటపడినది.

మన పొలములలోని మోటారు ఈ నియమము మీదనే పనిచేస్తుంది. లోపల తిరుగు రోటరుకు కరెంటు తీగ కలపబడదు. చుట్టునున్న స్టేటరులో తిరుగు అయస్కాంత క్షేత్రము పుట్టి, తాకకుండనే రోటరులో విద్యుత్తును ప్రేరేపించి దానిని త్రిప్పుతుంది. నిమిషమునకు క్షేత్రము 1500 సార్లు తిరిగితే రోటరు 1440 సార్లు తిరుగవచ్చును. ఈ వెనుకబాటు లేకపోతే ప్రేరణయే ఉండదు. ఇండక్షన్ పొయ్యి కూడ ఇంతే. పొయ్యి తానుగా కాలదు. ఇనుప గుణముగల గిన్నె అడుగులో ప్రేరిత విద్యుత్తు పుట్టి గిన్నెయే వేడెక్కుతుంది. మట్టి కుండ పెడితే నీళ్లు కాగవు.

ఇటువంటి సంగతులు ప్రసంగీకులను ఆకర్షించుట సహజము. పరిశుద్ధాత్మను విద్యుత్తుతోను, విశ్వాసిని గిన్నెతోను పోల్చిన ప్రసంగములు మనకు క్రొత్త కావు. పోలికగా నిలిచినంతవరకు మాకు ఆక్షేపణ లేదు. అయితే భౌతికశాస్త్రములోను ప్రేరణ ఉన్నది, బైబిలులోను ప్రేరణ ఉన్నది, కాబట్టి విజ్ఞానశాస్త్రమే లేఖన ప్రేరణను రుజువు చేస్తున్నదని చెప్పినప్పుడు పోలిక వాదముగా మారిపోయినది. ఆ వాదము తెలుగు మాట మీద మాత్రమే నిలిచినది. 2 తిమోతి 3:16లోని గ్రీకు మాటకు దేవుడు ఊదినదని భావము. 2 పేతురు 1:21లోని మాటకు మోసికొని పోబడినవారని భావము. గాలికి కొట్టుకొనిపోయిన ఓడను గూర్చి అపొస్తలుల కార్యములు 27లో ఆ క్రియయే వాడబడినది. ఈ రెంటికిని ‘ఇండుక్తియో’తో సంబంధము లేదు.

ఫారడే మాదిరి ఇక్కడ మనకు ఉపయోగపడుతుంది. ఆయన శాండమేనియను అను చిన్న క్రైస్తవ సహవాసములో పెద్దగా ఉండి ప్రసంగములు చేసినవాడు. అయినను తన విశ్వాసమును తన ప్రయోగముల మీద కట్టలేదు. 1854లో చేసిన ఒక ఉపన్యాసములో మతవిశ్వాసమును, సామాన్య విషయములపై నమ్మికను స్పష్టముగా వేరుచేసి మాటలాడెను. ప్రేరణను కనుగొన్నవాడే దానితో వేదాంతమును రుజువు చేయుటకు పూనుకొనలేదు. మనము పూనుకొనుట ఎందుకు?

4. అనుగమనము: నలభై సాక్ష్యములు చాలునా?

గణితానుగమనము పేరుకు ఇండక్షన్ అయినను స్వభావములో వేరు. మొదటి మెట్టు నిలుచునని చూపి, ఏ మెట్టు నిలిచినను దాని తరువాతి మెట్టు నిలుచునని చూపితే, మెట్లన్నియు నిలుచునని సందేహము లేకుండ తేలుతుంది. ఇది ఉదాహరణలను లెక్కించుట కాదు. ఇందులో నిశ్చయత సంపూర్ణము.

ఉదాహరణలను మాత్రమే లెక్కించితే ఏమగునో గణితమే మనకు చూపుతుంది. ఒక సంఖ్యను దానితోనే గుణించి, ఆ ఫలితమునకు ఆ సంఖ్యను, మరియు 41ని కలుపుము. 0తో మొదలుపెడితే 41, 1తో 43, 2తో 47, 3తో 53 వచ్చును. అన్నియు ప్రధాన సంఖ్యలే. ఈ విధముగా 39 వరకు 40 పర్యాయములు ప్రధాన సంఖ్యయే వస్తుంది. ఇక ఎప్పుడును ఇంతేనని ఎవరైనను అనుకొందురు. 40 దగ్గర 1681 వస్తుంది. అది 41ని 41తో గుణించిన ఫలితము. నలభై సాక్ష్యములు నిలిచినవి, నలభై ఒకటవది సూత్రమును కూల్చినది.

తత్త్వశాస్త్రములో ఈ బలహీనత చాలకాలముగా చర్చింపబడినది. వ్యాప్తిని ఎవడును పూర్తిగా చూడలేడు గనుక అనుమానము ప్రమాణము కాదని మన దేశములో చార్వాకులు వాదించిరి. గడచిన అనుభవము రాబోవు అనుభవమునకు హామీ ఇయ్యదని డేవిడ్ హ్యూమ్ 1748లో ప్రచురించిన గ్రంథములో వాదించెను. అంతమాత్రమున ఇండక్షన్‌ను విడిచిపెట్టుట సాధ్యము కాదు. విత్తనము వేయు రైతు, మందు ఇచ్చు వైద్యుడు దానిమీదనే ఆధారపడతారు. అయితే అది ఇచ్చునది సంభావ్యత. ఎదురు సాక్ష్యము వచ్చినప్పుడు తన్ను తాను దిద్దుకొను వినయము దానికి అవసరము. మన సాక్ష్యకూడికలలో నలుగురు స్వస్థత పొందిరని విని, విశ్వసించువారందరు ఇదే రీతిగా స్వస్థత పొందుదురని ప్రకటించునప్పుడు మనము సంభావ్యతను గణితానుగమనపు నిశ్చయతతో చెబుతున్నాము. అదే గదిలో స్వస్థత పొందని ఐదవవాడు కూర్చొనియున్నాడు. ఆ సూత్రము ప్రకారము అతడు అవిశ్వాసి కావలసివస్తుంది.

5. సంఘములో ఇండక్షన్ సర్వీసు

ఈ అర్థమును క్లుప్తముగా చూచెదము. ఆంగ్లికను సంప్రదాయములో ఇండక్షన్ చట్టసంబంధమైన మాట. బిషప్పు ఆత్మసంబంధమైన బాధ్యతను అప్పగించిన తరువాత ఆర్చిడీకను క్రొత్త కాపరి చేతిని దేవాలయపు తాళపు చెవిమీద గాని తలుపు పిడిమీద గాని ఉంచును. కాపరి గంట మ్రోగించి తాను స్వాధీనము చేసికొన్నట్లు ఊరికి తెలుపును. ఆలయము, దానికి చెందిన ఆదాయము ఆయనకు దఖలుపడుట దీని భావము.

నల్లగొండ, పాలమూరు ప్రాంతపు సంఘములలో పెక్కింటి మూలము వేరు. రష్యా నుండి 1889లో బయలుదేరి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు అబ్రాహాము ఫ్రీసెన్, మరియ దంపతులు అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పనిచేసిరి. 1899లో ప్రారంభమైన అమెరికను మెన్నోనైట్ బ్రదరెన్ పని తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ ప్రాంతములకు విస్తరించినది. ఈ సంప్రదాయములో పోషకుని చేతిలోని జీవనభృతి గాని, కాపరికి దఖలుపడు ఆస్తి గాని లేదు. సంఘము పిలుస్తుంది, కాపరి వస్తాడు. అటువంటి చోట ‘ఇండక్షన్ సర్వీసు’ అను మాటను ఆలోచన లేకుండ అరువు తెచ్చుకొంటే, దానితో స్వాధీనము అను భావము కూడ వస్తుంది. కొందరు దీనిని అభిషేకముతో కలిపివేస్తున్నారు. అభిషేకము పరిచర్యకు ప్రత్యేకించుట. ఇది ఒక సంఘమునకు తోడ్కొని వచ్చుట. ‘కాపరి ప్రవేశ ఆరాధన’ అంటే ఊరిలో ముసలమ్మకు కూడ అర్థమవుతుంది; స్వాధీనపు వాసన కూడ ఉండదు.

6. నల్లగొండ నీరు: మంచి ఇండక్షన్‌కు ఒక మాదిరి

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతములలో పరిచర్య చేసినవారికి ఫ్లోరోసిస్‌ను వర్ణింపనక్కరలేదు. పండ్లపై గోధుమరంగు మచ్చలు, బిగిసిపోయిన వెన్నెముక, వంగిన కాళ్లు, ముప్పది ఏండ్లకే కర్ర పట్టుకొన్న మనుష్యులు. ఒకే ఇంటిలో ఇద్దరు ముగ్గురు ఇట్లుండగా చూచి, ఇది ఎవరి పాపము అని అడిగినవారున్నారు. పూర్వజన్మ కర్మమని ఒకరు, గ్రామదేవత కోపమని ఒకరు, తరతరముల శాపమని మన వేదికల మీదనే మరియొకరు చెప్పిరి. వీరందరు చేసినది కూడ ఒక విధమైన ఇండక్షనే. కొన్ని కుటుంబములను చూచిరి, ఒక కారణమును ఊహించిరి, అక్కడే ఆగిపోయిరి.

ఆగకుండ ముందుకు వెళ్లినవారి చరిత్ర వేరు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనువారు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వర్ణించి, త్రాగునీటిలోని ఫ్లోరైడుతో దానికిగల సంబంధమును ప్రచురించిరి. భారతదేశములో ఈ వ్యాధిపై తొలి అధ్యయనములలో అది ఒకటి. నల్లగొండ జిల్లా ప్రజల మీద చేసిన పరిశోధనను 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ప్రచురించిరి. మోకాళ్లు లోపలికి వంగు రూపమును వారు వివరించిరి. ఫ్లోరైడు ఒక్కటే కాక ఆహారము, ఇతర ఖనిజముల పాత్ర కూడ పరిశీలింపవలసి వచ్చినది. నాగపూరులోని నీరి సంస్థ 1975లో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చు విధానమును రూపొందించినది. అది ప్రపంచమంతట ‘నల్లగొండ టెక్నిక్’ అను పేరుతోనే ప్రసిద్ధి చెందినది.

ఈ పరిశోధకుల ఆలోచన వరుసను కాపరులు గమనింపవలెను. వ్యాధి ఒక కులమునకో మతమునకో పరిమితమా? కాదు. ఒకే నీరు త్రాగువారందరిలో కనబడుతున్నది. ఫ్లోరైడు తక్కువగానున్న నీరు త్రాగు చోట్ల కనబడుట లేదు. పండ్లు ఏర్పడు బాల్యములో ఆ నీరు త్రాగినవారికే పండ్ల మచ్చలు వస్తాయి. వేరే ఊరిలో పెరిగి, పెళ్లి చేసికొని వచ్చిన కోడలికి పండ్లు తెల్లగానే ఉంటాయి. పాపమే కారణమైతే ఈ భేదమునకు అర్థమేమి? ఇట్లు భేదములను పోల్చి కారణమును వెదకు పద్ధతిని జాన్ స్టువర్ట్ మిల్ 1843లో తన తర్కశాస్త్ర గ్రంథములో క్రమపరచెను. చివరకు కారణము భూమిలో దొరికినది. ఈ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీరు రాతిసందులలో ఎక్కువ కాలము నిలిచినకొలది ఫ్లోరైడు ఎక్కువగా కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. బావులు ఎండి, లోతైన బోర్లలోనుండి మోటారు ఆ నీటినే పైకి తెచ్చినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలము ఊళ్లకు చేరినది గాని, అంతకుముందు వంగిన ఎముకలు మరల నిటారు కాలేదు. ఆ మనుష్యులు నేటికిని మన సంఘములలో కూర్చొనుచున్నారు.

పాలమూరు కరవును గూర్చి కూడ ఇదే చెప్పవలెను. వలసపోవు కూలీలను కొందరిని చూచి, ఆ నేలయే శపింపబడినదని ద్వితీయోపదేశకాండము 28ని విప్పుట సులభము. కృష్ణానది ఆ జిల్లా అంచున పారుచుండగా పొలము ఎందుకు ఎండినదని అడుగుట కష్టము. ఆ రెండవ ప్రశ్న అడుగనివాడు ఇండక్షన్ చేయలేదు, తీర్పు తీర్చినాడు.

7. యోబు స్నేహితులు, యెరికో మనుష్యులు

లేఖనమే ఈ తప్పును మనకంటె ముందు బయలుపరచినది. ఎలీఫజు వాదమునకు ఆధారమేమి? తాను కన్నులార చూచినది. కీడును దున్ని విత్తినవారు దానినే కోయుట చూచితినని అతడు చెప్పుచున్నాడు (యోబు 4:8). ఇది ఆగమన పద్ధతి. బిల్దదు ఆధారమేమి? పితరుల తరములు నేర్పిన మాట (8:8-10). ఇది ఆగమము. అనుభవము, పరంపర రెండును కలిసి యోబు పాపియని తీర్మానించినవి. యోబు ఇచ్చిన జవాబు మన చర్చకు ముఖ్యము. దుష్టులు ముసలివారగు వరకు క్షేమముగా బ్రదుకుట మీరు చూడలేదా, దారిన పోవువారిని మీరు అడుగలేదా అను భావముతో అతడు మాటలాడుచున్నాడు (21:7, 29). అనగా మీరు చూచిన సంగతులు కొద్దివి, మీ ఊరు దాటి విచారించండి అని అతని వాదము. చివరకు దేవుడు ఆ స్నేహితులనే గద్దించెను (42:7). యోహాను 9లో శిష్యులు అడిగిన ప్రశ్నను, లూకా 13లో సిలోయము గోపురము క్రింద చనిపోయిన పద్దెనిమిదిమందిని గూర్చిన మాటను ఈ వరుసలోనే చదువవలెను. రెండు చోట్లను ప్రభువు బాధ నుండి పాపమునకు గీసిన గీతను చెరిపివేసెను.

‘ఇండక్టివ్’ పఠనము బాగుగా చేసిన ఎట్లుండునో చూపుటకు రెండవ రాజులు 2:19-22ను తీసికొందము. యెరికో మనుష్యులు ఎలీషాతో తమ ఊరు ఉన్న చోటు మంచిదని, నీరు మంచిది కాదని చెప్పిరి. ఆయన క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, ఊటయొద్దకు వెళ్లి, అందులో వేసి, యెహోవా మాటను ప్రకటించెను. నీరు బాగుపడెను.

ఈ భాగము మీద నల్లగొండ ప్రాంతములో మూడు విధముల ప్రసంగములు సాధ్యము. మొదటిది: ప్రార్థించి బోరులో ఉప్పు వేసిన నీరు బాగుపడును. ఒక్క సంభవము నుండి నిత్య సూత్రము చేయుట ఇది. ఉప్పు ఫ్లోరైడును తీయదు; కాచినను అది పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడుతుంది. ఈ ప్రసంగము విని ఆ నీరే త్రాగువానికి ఎముకలు వంగుతాయి. రెండవది: యెహోషువ 6:26లో యెరికోపై శాపమున్నది గనుక చెడునీరు శాపఫలము, మన ఊరి నీరును అంతే. ఆ శాపము పట్టణమును మరల కట్టించువానిని గూర్చినది. అది హీయేలు దినములలో నెరవేరినదని మొదటి రాజులు 16:34 చెప్పుచున్నది. ఎలీషా కథలో శాపమను మాటయే లేదు. మూడవది వాక్యభాగమును నిదానముగా పరిశీలించినది. లోపము నీటిలో ఉన్నదని ఊరివారు చెప్పిరి, ప్రవక్త వారి మాటను నమ్మెను. ఎవరు పాపము చేసిరని ఆయన అడుగలేదు. మనుష్యుల యొద్దకు గాక ఊటయొద్దకు వెళ్లెను. ఈ మూడవ ప్రసంగము చేయు కాపరి సోమవారము నాడు నీటి పరీక్ష కొరకు అర్జీ వ్రాయును.

8. హాడ్జి వాదము, యెరూషలేము సభ

వేదాంతములో ఇండక్షన్‌ను బహిరంగముగా సమర్థించినవారిలో ప్రిన్స్‌టను వేదాంతి చార్లెస్ హాడ్జి ముఖ్యుడు. ప్రకృతి శాస్త్రజ్ఞునికి ప్రకృతి ఎట్టిదో వేదాంతికి బైబిలు అట్టిదని, సత్యములను కూర్చి క్రమపరచుట వేదాంతి పనియని ఆయన 1871-73లో వెలువడిన క్రమబద్ధ వేదాంత గ్రంథములో చెప్పెను. దీనికి వచ్చిన విమర్శ సమంజసమే. వాక్యములు గులకరాళ్లు కావు; సందర్భము, సాహిత్య రూపము తీసివేసి ఏరుకొనుటకు వీలులేదు. చదువువాడు ఖాళీ మనస్సుతో రాడు. అయితే సత్యములను జాగ్రత్తగాను, వీలైనంత సమగ్రముగాను సేకరింపవలెనని, అసంపూర్ణ సేకరణ తప్పు సిద్ధాంతములకు దారితీయునని హాడ్జియే హెచ్చరించెను. ఆయన పద్ధతిని పొగడువారు ఈ హెచ్చరికను మరచుట శోచనీయము.

రాబర్ట్ ట్రెయినా 1952లో ప్రకటించిన పాఠ్యగ్రంథము ద్వారాను, మన దేశములో 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. వంటి విద్యార్థి సహవాసముల ద్వారాను పరిశీలన, వివరణ, అన్వయము అను మూడు మెట్లు మనకు పరిచయమైనవి. ఇవి మంచి మెట్లు. ఆచరణలోనైతే పది నిమిషములు పరిశీలించి, వివరణను దాటి, అన్వయములో గంట గడుపుట మన అలవాటు. అట్టి పఠనమునకు ఇండక్టివ్ అని పేరు పెట్టుట పేరును దుర్వినియోగము చేయుటయే.

అపొస్తలుల కార్యములు 15 మనకు సరియైన క్రమమును చూపుచున్నది. పేతురు కొర్నేలి ఇంట జరిగిన దానిని జ్ఞాపకము చేసెను. బర్నబా, పౌలు అన్యజనులలో జరిగినవాటిని వివరించిరి. సంభవములు ఒకచోట నుండి కాక అనేక స్థలముల నుండి వచ్చినవి. సభ మౌనముగా వినెను. పిమ్మట యాకోబు ఆమోసు ప్రవచనమును తెచ్చి, ఇవి లేఖనముతో సమ్మతించుచున్నవని చూపెను. ఆగమనము, ఆగమము ఇక్కడ ఒకదానినొకటి సరిచూచుకొన్నవి. వచ్చిన తీర్మానము మనుష్యుల మెడమీద కాడిని తీసివేసినది. ఎలీఫజు, బిల్దదులు అవే రెండు సాధనములతో కాడిని మోపిరి. సాధనములు ఒకటే, విచారణ వెడల్పు వేరు, బాధితుని మాట వినుట వేరు.

ముగింపు

ఈ విమర్శ నుండి కాపరులకును వేదాంత విద్యార్థులకును నాలుగు మాటలు చెప్పగోరుచున్నాము. ప్రేరణ అను మాట రెండు రంగములలో ఉన్నదని ఒకదానితో మరొకదానిని రుజువు చేయవద్దు. కాపరిని తోడ్కొని వచ్చు ఆరాధనకు మన సంఘ స్వభావమునకు తగిన తెలుగు పేరు పెట్టుకొందము. ఇండక్టివ్ పఠనమని చెప్పినప్పుడు పరిశీలనకు ఇయ్యవలసిన కాలమును ఇత్తము. సాక్ష్యముల నుండి సూత్రము చెప్పకముందు, ఆ సూత్రమునకు ఎదురు సాక్ష్యముగా మన సంఘములో ఎవరు కూర్చొనియున్నారో ఒకసారి చూచెదము.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. వంగిన వెన్నుతో వెనుక వరుసలో చాప మీద కూర్చొన్న అవ్వకు ఇండక్షన్ అను మాట తెలియదు. అయితే మన సూత్రములలో ఆమె ఎక్కడ నిలుచునో ఆమెకు వెంటనే తెలుస్తుంది. ఆమె ఎదుట చెప్పలేని సూత్రమును వేదికమీద చెప్పుటకు మనకు అధికారము లేదు.